సాయవ్వ అరుగు మీదుగా నేను గీసిన గీత

ఆర్మూరు వెళ్లొచ్చానని చెప్పగానే మా ఊళ్లో అందరూ అడిగిన మాట ఒక్కటే: "అక్కడ చూడ్డానికేముందండీ?" ఎందుకు లేదు? ఊరి పక్కనే నల్లరాళ్ల గుట్ట ఉంది, గుట్ట మీద గుడి ఉంది. నేను ఎక్కలేదు. మోకాళ్లు ఒప్పుకోలేదు. మూడు రోజులూ నేను చూసింది పెర్కిట్ వైపున్న ఒక గల్లీ. గోదావరి జిల్లా నుంచి అంత దూరం పోయి ఒక సందు చూసొచ్చిన మనిషి మా వీధిలో నేనొక్కణ్నే.

నన్ను లాక్కెళ్లింది మా అక్క కూతురు శ్రావణి. హైదరాబాదులో ఆర్కిటెక్టు. వారమంతా డబ్బున్నవాళ్లకి విల్లాలు గీస్తుంది. సెలవు దొరికితే ముగ్గురు స్నేహితులతో కలిసి ఏ బస్తీకో వెళ్లి, అక్కడివాళ్లతో కూర్చుని, వాళ్ల వీధి ఎలా ఉండాలో వాళ్ల నోటే చెప్పించి ప్లాను గీసిస్తుంది. పైసా తీసుకోదు. "మురుగుకాలవల వాలు లెక్కలు మాకు సరిగ్గా రావు మామయ్యా, నువ్వు రావాలి" అంది. ముప్ఫై నాలుగేళ్లు మునిసిపల్ ఆఫీసుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా వీధులు గీసినవాణ్ని, అలా అడిగితే ఉబ్బిపోనా? లోపల మాత్రం నవ్వుకున్నాను. జనాన్ని అడిగి ప్లాను గీయడమేమిటి, వంటవాడు బంతిలో కూర్చున్నవాళ్లని "ఉప్పెంత వేయమంటారు" అని అడిగినట్టు! నా ఉద్యోగకాలంలో ఒక్క ఇంటి తలుపు తట్టి అడిగిన పాపాన పోలేదు.

పసుపు గాలి

ఫిబ్రవరి చివరి వారం. బస్సు దిగగానే ముందు ముక్కుకి తెలిసింది ఊరు. ఉడికించిన పసుపు ఎండుతున్న వాసన. మనకు పసుపంటే పోపుల పెట్టెలో చిన్న గిన్నె. ఇక్కడ ట్రాక్టర్లు, బస్తాలు, నేల మీద పరిచిన కొమ్ములు. గాలి కూడా కాస్త పచ్చగా ఉందేమోనని అనుమానం వచ్చింది.

టీ కొట్టు దగ్గర కూర్చోవడానికి బల్ల ఖాళీ లేక, పక్కనున్న బస్తా మీద చతికిలబడ్డాను. బస్తా యజమాని కమ్మర్‌పల్లి రైతు. ఏమీ అనలేదు సరికదా, తన టీలో సగం సాసర్లో పోసి నాకిచ్చాడు. ఒక కొమ్ము విరిచి లోపలి రంగు చూపించాడు. నారింజ తొనలా ఉంది. "రేటెంత ఉంది?" అని అడిగాను.

"రేటు ముచ్చట అడగకు సారు. పొద్దుగాల ఒకటుంటది, మాపటీలికి ఇంకొకటుంటది. రంగు అడుగు, జెప్త."

రంగు గురించి ఆయన చెప్పినంతసేపూ విన్నాను. లేచి నిలబడితే నా తెల్ల పంచె వెనకంతా పసుపు. శ్రావణి చూసి, "పెళ్లికొడుకులా ఉన్నావు మామయ్యా" అని రోడ్డు మీదే పడీ పడీ నవ్వింది. ఆ పంచె ఇప్పటికీ తెల్లబడలేదు.

నీడ ఎటుంటే అటు

గల్లీ సంగతి ముందు చెప్పాలి. రెండు వైపులా కలిపి ఇరవై రెండు ఇళ్లు. గోడకీ గోడకీ మధ్య పదిహేను అడుగులు. ప్రతి ఇంటి ముందూ రెండడుగుల అరుగు. మోరీ, అదే మురుగుకాలవ, లేదు. వానాకాలం వస్తే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి, మంచాల కిందకి ఇటుకలు పెడతారు. ఈసారి మోరీ, సిమెంటు రోడ్డు వేస్తామని మునిసిపాలిటీ వాళ్లన్నారు. గల్లీవాళ్లంతా ఒప్పుకున్న ప్లాను సోమవారం లోపల ఇస్తే చూస్తామన్నారు, లేకపోతే అన్ని వీధులకీ వేసినట్టే వేసేస్తారు. అందుకే శ్రావణి బృందాన్ని పిలిచారు.

ఆడవాళ్లంతా అరుగుల మీదే ఉన్నారు. ఒడిలో చేట, చేటలో తునికాకు, దాన్ని కత్తిరించే కత్తెర, తంబాకు, దారం. వేళ్లు చూడకుండానే బీడీలు చుట్టేస్తున్నాయి. మా వైపు ఆడవాళ్లు కొత్త మనిషి కనిపిస్తే లోపలికి పోతారు. ఇక్కడ జరిగి చోటిస్తారు. నన్ను మొదట పలకరించిన ఆవిడ పేరు సాయవ్వ. యాభై దాటి ఉంటాయి. భర్త మస్కట్‌లో పనిచేసి నడుం పోగొట్టుకుని వచ్చాడు, లోపల మంచం మీదే ఉంటాడు. ఇల్లు నడిచేది ఈవిడ వేళ్ల మీదే.

"యాడికెల్లి వచ్చినవు సారు? కూసో. తిన్నవా?"

"వచ్చినవు" ఏమిటి? మా జిల్లాలో అరవై దాటిన మనిషిని అలా అంటే గొడవలైపోతాయి. ముఖం ముడుచుకున్నాను. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా జొన్నరొట్టె మీద పచ్చిమిర్చి తొక్కు వేసి చేతిలో పెట్టింది. రెండో రొట్టెకి ఆ "నువ్వు" నాకు మర్యాదగానే వినిపించింది.

"మీ ఊర్ల అరుగులున్నయా సారు?"

"ఉండేవి."

"ఏమైనయి?"

"రోడ్డు పెద్దదైంది" అన్నాను. చెప్పింది సగం. ఆ రోడ్డు గీసిందెవరో చెప్పకుండా రొట్టె మీద దృష్టి పెట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక విచిత్రం జరిగింది. ఎవరూ ఏమీ అనలేదు, గల్లీ మొత్తం లేచింది. ఇటు వరస అరుగుల మీది ఆడవాళ్లు చేటలు పట్టుకుని అటు వరసకి నడిచారు. కారణం నీడ. పొద్దున ఒక వరసకి, మధ్యాహ్నం రెండో వరసకి నీడ పడుతుంది. ఎవరి అరుగని లేదు, నీడ ఎటుంటే అందరూ అటే. నేను చూశాను, ముచ్చట పడ్డాను, ప్లానులో మాత్రం పెట్టలేదు. నీడకి కొలతేముంది?

ఆ సాయంత్రం మహిళా సంఘం గదిలో కూర్చుని నా ప్లాను విప్పాను. రెండు వైపులా మోరీలు, మధ్యలో తీర్చిదిద్దినట్టు రోడ్డు, మలుపు లేని గీత. తీసేయాలన్న గుర్తుగా అరుగులకి గళ్లు కొట్టి, అలవాటుగా పక్కన "ఆక్రమణ" అని రాశాను. శ్రావణి ఒక్కొక్కరినీ అడిగింది, "ఎలా ఉంది, మార్చాల్సిందేమైనా ఉందా?" అని.

"మంచిగుంది సారు."

"మస్తుగుంది."

సాయవ్వ కూడా తల ఊపింది. చూశావా అన్నట్టు శ్రావణి వైపు చూశాను. ఆమె మొహంలో సంతోషం లేదు. "ఇంత తొందరగా ఎవరూ ఒప్పుకోరు మామయ్యా" అంది. మెచ్చుకోళ్లు కూడా పడని పిల్ల అనుకున్నాను.

రెండో రోజు: సున్నం

తెల్లారి టీ తాగుతుంటే ఖలీల్ మేస్త్రి వచ్చాడు. గల్లీ చివరి ఇల్లు ఆయనది. ఆర్మూరులో ఎన్ని ఇళ్లకి పునాది తీశాడో ఆయనకే లెక్క లేదట. నా ప్లాను అటూ ఇటూ తిప్పి చూసి మడిచి ఇచ్చేశాడు.

"సాబ్, మీ కాయితం మంచిగనే ఉంది. గాని మా ఆడోళ్లకు గిది సమజ్ కాదు. ఇల్లు కట్టేముందు ఏం జేస్తం? జమీన్ మీద ముగ్గు పోస్తం. గప్పుడే ఇంటోళ్లు అంటరు, గీ అర్ర చిన్నగైంది, గా దర్వాజ జరపమని. ముగ్గు పోయకుండ అడిగితే ఎవలైనా మంచిగుందనే అంటరు."

నాకు చురుక్కుమంది. ఆ మాట నాకు తెలియంది కాదు. ఏ ఇంటికైనా తాపీమేస్త్రి సున్నంతో నేల మీద ప్లాను పోసి చూపించాకే గునపం దిగుతుంది. సొంత ఇంటికైతే నేనూ అలాగే చేయించుకున్నాను. వీధికి ఎవరూ పోయరు, ఎందుకంటే వీధికి ఇంటివాళ్లెవరో మాలాంటివాళ్లం ఎప్పుడూ అడగలేదు.

బకెట్టు సున్నం వచ్చింది. ఖలీల్ తాడు పట్టాడు, శ్రావణి స్నేహితులు టేపు లాగారు, నేను ప్లాను చూసి కొలతలు చదివాను. తెల్లగీత గల్లీ మొదట్నుంచి నడుచుకుంటూ వచ్చి సాయవ్వ ఇంటి దగ్గర ఆగింది. ఎదురుగా అరుగు, అరుగు మీద సాయవ్వ, ఒడిలో చేట. ఖలీల్ నా వైపు చూశాడు. కానివ్వమన్నాను. ఆయన అరుగు మీదికి ఎక్కించి గీత పోశాడు. సున్నం ఆవిడ చీర కుచ్చిళ్ల పక్క నుంచి పోయింది.

"గిదేంది ఖలీలన్నా?"

"మోరి."

"మరి నా అరుగు?"

ఖలీల్ చేత్తో నన్ను చూపించాడు. నేనే చెప్పాల్సి వచ్చింది. "అరుగు తీసేస్తారమ్మా. వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా ఉండాలంటే తప్పదు."

"నిన్న గట్ల జెప్పలె."

"కాగితంలో ఉంది కదా."

పక్కింటి కోడలు డిగ్రీ చదివిన పిల్ల. నా చేతిలోంచి ప్లాను తీసుకుని సాయవ్వ ఇంటి ముందు ఏం రాసుందో పైకి చదివింది. "ఆక్రమణ."

"అంటె?"

ఖలీల్ నేల చూపులు చూస్తూ అన్నాడు, "కబ్జా."

సాయవ్వ కత్తెర కింద పెట్టింది. "మా అత్త కూసున్న అరుగు సారు గిది. నేనెవలిది కబ్జా జేసిన?" గొంతు పెద్దది చేయలేదు. అందుకే ఎక్కువ తగిలింది. "లోపట చీకటి. చీకట్ల చుడితే బీడీ వదులైతది, కార్ఖానల పక్కకు పడేస్తరు. నాకు కండ్లు కూడ అంత మంచిగ లెవ్వు. బయట కూసుంటె వెలుతురుంటది, ఆయన పిలిస్తె ఇనవడతది. గీ అరుగు పోతె నా పని పోయినట్టే."

శ్రావణి స్నేహితుల్లో ఒకడు గల్లీ మొదట్లో అందరికీ కలిపి రేకుల షెడ్డు వేయొచ్చన్నాడు. "షెడ్డుకాడికి మంచం మోసుకపోవాల్నా?" అంది సాయవ్వ.

నాకు కోపం వచ్చింది. తప్పు మనదైనప్పుడే కదా ఎక్కువ వస్తుంది. "అరుగు కావాలా, నీళ్లు ఇంట్లోకి రాకుండా ఉండడం కావాలా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాను.

"రెండు గావాలె" అంది. "గందుకే గదా మిమ్ముల పిలిచింది."

ఇంత సూటిగా నా ఉద్యోగం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. శ్రావణి బకెట్టు తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టింది. "అమ్మా, మరి నువ్వే గీసి చూపించు."

సాయవ్వ చేట పక్కన పెట్టి దిగింది. నా గీతని కాలితో తుడిచేసింది. రెండు వేళ్ల మధ్య సున్నం పట్టి, వంగి, అరుగు అవతల రోడ్డు వైపు కొత్త గీత మొదలుపెట్టింది. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేయి. తాడు లేదు, టేపు లేదు, గీత మాత్రం నా గీత కన్నా తిన్నగా వచ్చింది. చూస్తుండగానే ఇంకో నలుగురు ఆడవాళ్లు దిగారు. నిన్న "మంచిగుంది సారు" అన్న నోళ్లే ఇవి! ఒకావిడ నీళ్లు ఎటు పారతాయో చూపిస్తానని బిందెడు నీళ్లు కుమ్మరించింది. ఇంకొకావిడ నిండు నెలల కోడల్ని దవాఖానకి తీసుకుపోవడానికి ఆటో లోపలికి రాక పడ్డ బాధ చెప్పింది. అరుగుల పక్కన ఎత్తుపల్లాలు, రాళ్లు. ఆటో ఎక్కడ ఇరుక్కుంటుందో అక్కడ సున్నంతో చుక్క పెట్టింది. ఒకాయన మాత్రం తన మోటారు సైకిలు ఎక్కడ పెట్టాలని చివరిదాకా సణుగుతూనే ఉన్నాడు. ఆయన సంగతి ఇప్పటికీ తేలలేదు.

మోరీ అరుగు పక్కన వస్తే ఆటోకి దారి చాలదు. ఆ చిక్కు ముడి విప్పింది ఖలీల్. "మోరి అరుగు పక్కన ఎందుకు? అరుగు కిందికెల్లి పోనిద్దం. మీద షాబాదు బండలు పరుద్దం. బండనే అరుగు."

"పూడిపోతే ఎవరు తీస్తారు?" అని అడిగాను. అది నా వంతు.

"మూడు బండలకొకటి ఇనుప కడీతోని లేచేటట్టు పెడ్త. ఇద్దరు వడితె లేస్తది."

"మా ఇంటి ముంగట నేను లేపుత" అంది సాయవ్వ. ఆ వరస వాళ్లంతా ఒక్కొక్కరే మేమూ లేపుతామన్నారు. కాగితం మీద తల ఊపడం కాదిది, ఎవరి ఇంటి ముందు వాళ్లు నిలబడి అన్న మాట.

మిగిలింది ఎదుటి వరస. అటూ బండలు పరచాలంటే ఖర్చు రెట్టింపు, అరుగులు తీసేస్తే మధ్యాహ్నం పని పోతుంది. అప్పుడు నా బుర్ర పనిచేసింది. రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండాలని ఎవరన్నారు? మొత్తం ఒకే పక్కకి వాలిస్తే ఒక్క మోరీ చాలు. ఎదుటి వరసని ముట్టుకోనక్కర్లేదు. మధ్యలో పదకొండు అడుగులు చదునైన రోడ్డు మిగులుతుంది. లెక్క వేసి చెప్పగానే శ్రావణి నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఎన్ని సన్మానాలు జరిగినా అంత బావుండదు.

నమ్మకం కుదరాలి కదా. భీమ్‌గల్ బస్సుకి మనుషుల్ని ఎక్కించడానికి వెళ్తున్న ఆటోని ఆపి గల్లీలోకి పంపారు. రాళ్లు ఏరేశారు, రెండు సున్నపు గీతల మధ్య నుంచి ఆటో నడిచింది. లోపల కూర్చున్న ప్రయాణికులకి ఏమీ అర్థం కాలేదు. గల్లీ చివరిదాకా పోయి వెనక్కి వచ్చేసరికి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. డ్రైవరు సంగతేమిటో తెలియకపోయినా చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం అందరం పక్కనే ఉన్న అంకాపూర్ పోయి నాటుకోడి కూర తిన్నాం. కిలో లెక్కన కోడి, దాంతోపాటు అన్నం. రుచి చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు, నాలుక పనిచేస్తే కదా! ఆ కారానికి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, "ఎందుకు ఏడుస్తున్నవు సాబ్, అరుగు పోలేదు గదా" అన్నాడు ఖలీల్.

మూడో రోజు: అరుగు మీద ఇంజనీరు

సోమవారం పొద్దున్నే ఖలీల్ సాయవ్వ ఇంటి ముందు ఇటుకలు పేర్చి, పైన మూడు బండలు పరిచి నమూనా సిద్ధం చేశాడు. పదకొండింటికి ఇంజనీరు వచ్చాడు. ముప్ఫై లోపు కుర్రాడు, మర్యాదస్తుడు. ప్లాను చూసి, "సార్, మా పద్ధతిలో అరుగు కింద మోరీ లేదు" అన్నాడు. ఆ మాట నేనెన్ని వందల సార్లు అన్నానో! అతన్ని తప్పు పట్టే అర్హత ఆ గల్లీలో నాకే లేదు.

సాయవ్వ ఏమీ వాదించలేదు. చేట తెచ్చుకుని బండ మీద కూర్చుని పని మొదలుపెట్టింది. ఖలీల్, పక్కింటి కోడలు కలిసి ఇనుప రింగులాంటి ఆ కడీ పట్టి పక్క బండ లేపి చూపించారు. ఇంజనీరు వంగి లోపలికి చూశాడు, కొలత తీశాడు, మళ్లీ లేపమన్నాడు. తర్వాత అతనూ బండ మీద కూర్చున్నాడు. మనిషి కూర్చున్నాక చూపు మారుతుంది. కడీల వివరం విడిగా గీయమన్నాడు, రోడ్డు వాలు ఇంకాస్త పెంచమన్నాడు. సంఘం గదిలో మధ్యాహ్నం దాకా గీశాను. అతను రాసిమ్మన్నదంతా రాసిచ్చాను. "పైకి పంపిస్తాను, గట్టిగానే రాస్తాను" అన్నాడు. అంతకన్నా మాట ఇవ్వలేనన్నాడు. అదీ నాకు నచ్చింది.

ప్లాను కుడి మూలన "గీసినవారు" అనే గడి ఉంటుంది. అందులో నా పొట్టి సంతకం పెట్టడం ముప్ఫై నాలుగేళ్ల అలవాటు. ఆ రోజు చేయి ఆగింది. కలం సాయవ్వకి ఇచ్చాను. ఆవిడ నవ్వి, వేళ్లకంటిన తంబాకు చీరకి తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. ఆ తర్వాత గల్లీ అంతా రాసింది. గడి చాలలేదు, పేర్లు ప్లాను అంచుల చుట్టూ తిరిగాయి. ఇంత గజిబిజి ప్లాను నా చేతి మీదుగా ఎప్పుడూ వెళ్లలేదు.

బయల్దేరుతుంటే సాయవ్వ జరిగి పక్కన చోటు చూపించింది. "జరసేపు కూసో సారు. మీ గీత గీడికెల్లే పోయింది." కూర్చున్నాను. బండ చల్లగా ఉంది. లోపల్నుంచి ఆవిడ భర్త నీళ్లడిగాడు, ఆవిడ లేచి ఇచ్చి వచ్చింది. నాలుగడుగులు, అంతే. ఆ నాలుగడుగులే నేను "ఆక్రమణ" అని రాసింది.

ఇంటికొచ్చాక

మొన్న, మృగశిర కార్తెకి ముందు, శ్రావణి ఫోను చేసింది. గల్లీ నుంచే మాట్లాడుతోంది. పని మొదలైందట. "మాట్లాడు" అని ఫోను చేతులు మార్చింది.

"సారు, ముగ్గు పోసిండ్రు. సర్కారోళ్లే పోసిండ్రు, మనం పోసినట్టే. నా అరుగు ఉన్నది. బండలు కూడ దిగినయి." మాటల మధ్యలో కత్తెర చప్పుడు వినిపిస్తోంది. నాకు సంతోషమేసిందని సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"ఆ పొద్దు అడిగితె పూరాగ చెప్పనే లేదు సారు. మీ ఊర్ల అరుగులేమైనయి?"

మా ఊళ్లో బట్టల బజారు వెనక వీధి. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. ఆ వీధి నిండా అరుగులుండేవి, వాటి మీద బుట్టలల్లే ఆడవాళ్లుండేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని స్కేలు పెట్టి గీశాను. ఆ వీధిలోకి ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు అక్కడ గోడలు నేరుగా రోడ్డు మీదికే దిగుతాయి. బయట ఎవరూ కూర్చోరు.

"నేనే గీశానమ్మా" అన్నాను. "ఆ గీత నాదే. అడక్కుండా గీశాను."

కత్తెర చప్పుడు ఆగింది.

"గా గల్లీలోళ్లకు చెప్పినవా సారు?"

చెప్పలేదు. రేపు పొద్దున వెళ్తాను.